ఆఖరున తినేవాళ్ళ రక్తం

నా చిన్నప్పుడు మా చిలుకూరులో నాట్ల కాలం వచ్చిందంటే నాయనమ్మకి పెదవుల మూలలు చిట్లేవి. కారం ముద్ద నోట్లో పెట్టుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అడిగితే "ఏం గాదు బిడ్డా, ఒంట్లో వేడి" అనేది. సల్ల తాగితే తగ్గుతుందని ఆమెకి తెలుసు. కానీ బర్రె పాలు పాలకేంద్రానికి పోయేవి. మిగిలిన కాస్త సల్ల మగవాళ్ళకీ, పిల్లలకీ సరిపోయేది.

ఆ పుండు వెనక ఒక ప్రయోగశాల చరిత్ర ఉందని సాహిత్యంలో డాక్టరేట్ పూర్తయ్యాక గానీ నాకు తెలియలేదు.

మనల్ని బతికించే ఆక్సిజనే కణాన్ని దెబ్బతీస్తుంది కూడా. ఆక్సిజన్ మితిమీరినా, ఎక్స్ కిరణాలు తగిలినా కణానికి హాని ఒకే దారిలో, స్వేచ్ఛా రాడికల్స్ ద్వారా జరుగుతుందని 1954లో అర్జెంటీనా శాస్త్రవేత్త రెబెకా గెర్ష్‌మన్ తన సహచరులతో కలిసి ప్రతిపాదించారు. ఈ దాడిని తట్టుకోవడానికి కణం దగ్గర గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంటుంది. హాని చేసే పెరాక్సైడ్లను విరిచేస్తూ అది ఖర్చయిపోతుంది. దాన్ని తిరిగి పనికొచ్చేలా చేసేది గ్లూటాథయోన్ రిడక్టేజ్ అనే ఎంజైము. ఈ ఎంజైము పనిచేయాలంటే బి2 విటమిన్ నుంచి తయారయ్యే ఒక సహాయక అణువు కావాలి.

1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకి తరలివచ్చిన సంస్థే ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ పనిచేసిన మహతాబ్ బామ్జీ 1969లో ఎర్రరక్తకణాల్లోని ఈ ఎంజైముకీ, మనిషికి అందే బి2కీ ఉన్న సంబంధం గురించి పరిశోధనా పత్రం ప్రచురించారు. పరీక్ష సూత్రం తేలికైనదే. రక్తకణాల్లో ఎంజైము ఎంత పనిచేస్తోందో చూస్తారు. సహాయక అణువు కలిపి మళ్ళీ చూస్తారు. కలిపాక పని ఎంత ఎక్కువ పెరిగితే ఒంట్లో బి2 లోటు అంత ఎక్కువన్నమాట. 1970 దశకంలో బామ్జీ బృందం గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీల విటమిన్ల స్థితిని కూడా పరిశీలించింది.

1967లో జాతికి అంకితమైన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలను వరి పొలాలుగా మార్చింది. మిర్యాలగూడలో రైసుమిల్లులు వెలిశాయి. బియ్యం తెల్లబడేకొద్దీ తవుడుతో పాటు బి విటమిన్లూ పోతాయి. పాలూ, కూరా అందేవాళ్ళకి ఆ నష్టం కొంతయినా పూడుతుంది. నాట్లేసి వచ్చి, అందరికీ వడ్డించి, అడుగు మిగిలింది తినేవాళ్ళకి ఏది పూడ్చాలి?

పెదవుల మూలలు చిట్లడానికి బి2 లోటు ఒక్కటే కారణం కాదు, ఇనుము లోపించినా చిట్లుతాయి. నాయనమ్మ రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు, కాబట్టి ఆమె జబ్బు ఫలానా అని నేను తేల్చి చెప్పలేను. పరీక్ష చేసినా లోటు ఎంతో తెలిసేది. మాత్రలిస్తే పుండు మానేది కూడా. వాటి విలువ తక్కువేం కాదు. అయితే ఆ ఇంట్లో ఎవరు ముందు తిన్నారో, ఎవరు ఆఖరున తిన్నారో ఏ ఎంజైమూ చెప్పదు. అది రాయాల్సింది మనమే.