ఒడంబడికల నీరు

పామిడి వద్ద పెన్నను మేము చూచినపుడు ఎక్కువసార్లు కనబడినది ఇసుకయే. భోగేశ్వరస్వామి గుడి చెంత నిలిచినవానికి ఏటి పేరు మాత్రము మిగులును. కొంత ఎగువన పెనకచర్ల జలాశయమున నీరు కలదు గాని, అందు పెద్దపాలు తుంగభద్రది. ఎగువ కాలువ వెంట వచ్చినది. ఇది ఇంజనీర్ల ఘనత యందురు. మా దృష్టిలో అంతకుమించి సంప్రతింపుల ఫలితము.

తొలి తగవు మైసూరు, మద్రాసులది. ఎగువవారు చెరువులు కట్టిన మాకు నీరు రాదని మద్రాసు. మా నేలపై కురిసిన వాన మాది కాదా యని మైసూరు. 1892 ఫిబ్రవరి 18న ఒడంబడిక కుదిరెను. అందలి 15 నదులలో తుంగభద్ర, వేదవతి, పెన్న, చిత్రావతి, పాపఘ్ని కలవు. మద్రాసు ముందస్తు సమ్మతి లేక మైసూరు వానిపై కొత్త కట్టడములు కట్టరాదు. బలవంతుని వైపు మొగ్గిన ఒప్పందమే యనక తప్పదు.

తుంగభద్రను కరవుసీమకు మళ్ళింపవలెనని 1860లోనే సర్ ఆర్థర్ కాటన్ తలచెను. పని మొదలగుటకు 85 ఏండ్లు పట్టెను. ఒక గట్టు మద్రాసుది, రెండవది నైజాముది. నడుమ 1876-78 నాటి మహాక్షామము వచ్చి పోయినను మాట కలియలేదు. తుదకు 1944 జూనులో చెరి 65 టి.ఎం.సి.లు వాడుకొన నంగీకరించిరి, టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. 1945 ఫిబ్రవరి 28న ఈ గట్టున మద్రాసు గవర్నరు, ఆ గట్టున బేరారు యువరాజు పునాదిరాయి వేసిరి. ఒక్క ఆనకట్టకు రెండు పునాదిరాళ్లు!

ఆంధ్రరాష్ట్ర మేర్పడిన 1953లో తుంగభద్ర బోర్డు వెలసెను. సాగునీరు, విద్యుత్తు, చేపలు మూడును దాని చేతిలోనివే. ఆనకట్టవద్ద యంత్రములను త్రిప్పిన నీరే హంపివద్ద మరల యంత్రములను త్రిప్పి పొలములకు పోవును. కనుక విద్యుత్తునకు పైరుతో తగవు తక్కువ. చేప సంగతి వేరు. నీరు దిగిన కొలది దాని యిల్లు కుదించుకొనిపోవును, జాలరి బ్రతుకును అంతే. బోర్డు చేపపిల్లలను పెంచినది, వలల తయారీ చేపట్టినది, మంచుగడ్డల కర్మాగారము నెలకొల్పినది. ఇవి మెచ్చదగినవే. కాని బచావత్ ట్రిబ్యునలు పంపకములో కాలువలకు వాటాలున్నవి, చేపకు లేదు. బోర్డు సభ్యులు ప్రభుత్వముల ప్రతినిధులు. జాలరికి అందు స్థానము లేదు.

ఎగువ కాలువలో ఆంధ్రకు 32.5 టి.ఎం.సి.లు వ్రాసియున్నవి. పూడికచే జలాశయము 133 టి.ఎం.సి.ల నుండి సుమారు 105కు తగ్గినది. అందుచేత ఏటేటా వచ్చు నీటిని అంచనా కట్టి, లోటును వాటాల మేరకు అందరికిని పంచుదురు. ఆ అంచనా వెలువడు దినమున అనంతపురపు రైతు విత్తనము సంగతి తేల్చుకొనును.