కోడిపోరు పాట

కార్తీక అమావాస్య మొదలు అయిదు దినములు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనునవి ఆ దినముల పేర్లు. నాగులేటి చెంత వీరులగుడి ముంగిట, పంబ మ్రోగుచుండగా, కత్తి చేతబూని వీరవిద్యావంతులు పాడు పల్నాటి వీరకథ ఒక్క పాట గాదు, పెక్కు పాటల కూర్పు. అందు లోకమున మిక్కిలి ప్రసిద్ధికెక్కినది కోడిపోరు.

పందెగాండ్ర వినోదముగా వినువారి కది వట్టి ఆటపాటగానే తోచును. కాని దాని వెనుకనున్న వృత్తాంతము క్రీస్తుశకము 12వ శతాబ్దపు దాయభాగ కలహము. అనుగురాజు బిడ్డలును, సవతితల్లుల కొడుకులునగు నలగామరాజు గురజాలను, మలిదేవరాజు మాచెర్లను ఏలిరి. గురజాల కొలువున శివభక్తురాలగు నాయకురాలు నాగమ్మ చక్రము త్రిప్పెను. మాచెర్ల పక్షమున నిలిచిన బ్రహ్మనాయుడు చెన్నకేశవుని భక్తుడై, సర్వకులములవారిని ఒక్క పంక్తిని గూర్చుండబెట్టి చాపకూడు నడపి, మాలకులజుడగు కన్నమదాసును కన్నకొడుకువలె జేరదీసెను. పాలు పంచుకొన్న భూమియు, పొసగని మతమును, ఓర్వరాని యీ సంస్కారమును గూడి రాజేసిన నిప్పు పుంజుల కాళ్ళకు కత్తులు గట్టుటకు ముందే రగులుచుండెను.

ఇరుపక్షముల నడుమ జరిగిన కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనని నియమము. మాచెర్లవారు ఓడి వెడలిరి. గడువు తీరినపిదప తమ భాగమడుగ రాయబారియై వచ్చిన అలరాజు చర్లగుడిపాడున విషప్రయోగమునకు బలియయ్యెను. ఆపై కారెంపూడి రణరంగమయ్యెను.

పెక్కు పాటల కూర్పులో ఆటపాటయే పేరొందుట అన్యత్రయు గలదు. ఇంగ్లండునందు 'ది హూ' అను సంగీత బృందము 1969లో 'టామీ' యను పేర ఒకే కథను పాటలుగా గూర్చి వెలువరించెను. అందును మిక్కిలి పేరొందినది ఒక ఆటను గూర్చిన 'పిన్‌బాల్ విజర్డ్' అను పాటయే. ఆ యాటయందు మక్కువగల విమర్శకుని మెప్పింపనెంచి, ఆ బృందములోని పీట్ టౌన్షెండ్ దానిని కడపట వ్రాసి చేర్చెను. పల్నాటి పాట యట్లు చేరినది గాదు. కోడిపోరు తొలగించినచో వలసయు లేదు, రాయబారము లేదు, యుద్ధమును లేదు.

శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద బ్రహ్మనాయుని కొడుకగు బాలచంద్రుని యుద్ధమును గానము చేసెను. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని పరిష్కరించి ముద్రింపించిరి. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ ఆంగ్లీకరించి 1982లో ప్రకటించెను. గ్రంథమునకెక్కినను పాట పాటగానే నిలిచినది. తిరునాళ్ళలో రాయబారము రెండవనాడును, దానికి హేతువగు కోడిపోరు నాలుగవనాడును వచ్చుట చూడగా, వినువారికి కథ ముందే కంఠస్థమని తెలియుచున్నది.

కావున నాలుగవనాడు కారెంపూడి కేగు పాఠకులు పుంజుల పౌరుషముతో తృప్తి నొందక, పందెమునకొడ్డిన రాజ్యమెవరిదో, దానిని ఒడ్డు అధికారమెవరిచ్చిరో యని విచారించుచు ఆ పాట వినవలెను.