పాలు మాన్పించేది కూలి పనే

బిడ్డకు 6 నెలలు తల్లిపాలే, ఆపై ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఇంకా పైన కూడా పాలివ్వాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కావలి చుట్టుపక్కల నాట్లకు, రొయ్యల షెడ్లకు వెళ్లే దళిత తల్లులకు ఆ సంగతి తెలియకనా? తాగించేకొద్దీ పాలు ఊరతాయి. పొద్దున పోయి సాయంత్రం వచ్చే తల్లికి తగ్గిపోతాయి. అవగాహన లేదనే మాటను మేము ఒప్పుకోం.

ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణ 26 వారాల వేతన సెలవు, 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఇచ్చింది. రోజుకో చేలో పనిచేసే కూలీకి ఇవేవీ దక్కవు. కూలి నష్టానికంటూ మాతృవందన పథకం మొదటి కాన్పుకిచ్చేది 5,000 రూపాయలు. 6 నెలలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా రాదు.

ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి కూలివ్వాలని 2005 ఉపాధి హామీ చట్టం చెప్పింది. పొలం యజమానికి అలాంటి షరతు లేదు.