తెర చీకటైతే తప్పెవరిది?



దీపం కొడిగట్టిందంటే మనం ప్రమిదను పారవెయ్యం. ముందు నూనె చూస్తాం, తరువాత వత్తి చూస్తాం. ఈ చిన్న వివేకం ఒక యంత్రం చరిత్రలో ఎలా అక్కరకు వచ్చిందో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. ఆ యంత్రం పేరు ఆర్కేడ్ గేమ్. నాణెం వేస్తే ఆడనిచ్చే వీడియో ఆట అన్నమాట.

1970లలో అమెరికాలోను, జపానులోను ఇవి బాగా వ్యాపించాయి. చూడటానికి నిలువెత్తు చెక్క బీరువాలా ఉంటుంది. లోపల ముఖ్యమైనవి నాలుగు: నాణేల పెట్టె, కరెంటు సప్లై, ఆటను నడిపే బోర్డు, బొమ్మను చూపే మానిటర్. మానిటర్ అంటే మరేమీ కాదు, స్టేషన్లు పట్టే భాగం లేని టీవీ అనుకోండి. అందులోనూ పిక్చర్ ట్యూబే ఉంటుంది. ఆ ట్యూబు మీకు కొత్త కాదు. 1975లో ఉపగ్రహం ద్వారా రాయచూరు జిల్లా పల్లెలకు కార్యక్రమాలు అందించిన టీవీలలో ఉన్నదీ అటువంటిదే.

1972లో అటారీ కంపెనీ ఇంజనీరు ఆల్ ఆల్కార్న్ ‘పాంగ్’ అనే ఆట తయారుచేశారు. నమూనా యంత్రానికి తెరగా మామూలు నలుపు తెలుపు హిటాచీ టీవీని అమర్చి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక మద్యశాలలో పెట్టారు. కొద్దిరోజులకే యంత్రం పనిచేయడం లేదని కబురు వచ్చింది. ఆల్కార్న్ వెళ్లి తెరిచి చూస్తే టీవీకి ఏ జబ్బూ లేదు. పావు డాలరు నాణేలతో పెట్టె నిండి పొర్లిపోతున్నది! కొత్త నాణెం పడే చోటే లేదు. తెరను అనుమానించకముందు మిగతావన్నీ చూడాలన్న పాఠం ఆ విధంగా మొదటి రోజుల్లోనే దొరికింది.

1978లో జపానులో టైటో కంపెనీ ‘స్పేస్ ఇన్వేడర్స్’ విడుదల చేసింది. మొదటి యంత్రాలలో కనిపించే రంగులు ట్యూబువి కావు. నలుపు తెలుపు తెరమీద రంగు సెల్లోఫేన్ పట్టీలు పరిచారు, అంతే. అటువంటి యంత్రంలో రంగు వెలిసిందంటే మార్చవలసింది పట్టీనే గాని ట్యూబును కాదు గదా!

1981లో అటారీవారి ‘టెంపెస్ట్’ వచ్చింది. దీని తెర తీరు వేరు. టీవీలో కిరణం తెరంతా వరుసలు వరుసలుగా తిరుగుతుంది. ఇందులో పెన్నుతో గీసినట్లు గీతలు మాత్రమే గీస్తుంది. కిరణం కదలక ఒకేచోట నిలిస్తే అక్కడ లోపలి పూత మాడిపోతుంది. అందుకని కదలిక ఆగగానే కిరణాన్ని ఆర్పే ఏర్పాటు చేసి, గుర్తుగా ఒక ఎర్ర దీపం పెట్టారు. ఆ దీపం వెలిగితే మానిటర్ చెడిందని చాలామంది తీర్మానించేవారు. నిజానికి అది చెప్పేది ఒక్కటే, కిరణం కదలడం లేదని. మానిటర్ కదిలించలేకపోవచ్చు, లేదా గేమ్ బోర్డు కదలమని చెప్పకపోవచ్చు. రెండూ విచారించాలి.

ఇక ‘పాక్‌మాన్’ కాలానికి రంగుల మానిటర్లు వచ్చాయి. కెనడాకు చెందిన ఎలక్ట్రోహోమ్, చికాగోకు చెందిన వెల్స్-గార్డ్‌నర్ కంపెనీలవి పేరు పొందాయి. వాటిలో లోపం వెతికే పద్ధతిని ఇలా చెప్పుకోవచ్చు. తెర నల్లగా ఉండి ఆట శబ్దాలు వినిపిస్తున్నాయా? అయితే బోర్డుకు ప్రాణముంది. మానిటర్ వైపు చూడాలి. తెర మధ్య అడ్డంగా ఒకే గీత నిలిచిందా? వర్టికల్ పోయింది. బొమ్మ అంచులు వంకరపోతున్నాయా? ఏళ్ల తరబడి వేడికి కండెన్సర్లు ఎండిపోయి ఉండవచ్చు. కొత్త ఫ్యూజు వేసినా పోతున్నదా? హారిజాంటల్ ట్రాన్సిస్టరునూ, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్‌నూ పరీక్షించాలి. ట్యూబు మెడ దగ్గర నారింజ వెలుగు లేకపోయినా ట్యూబు కాలిందని తొందరపడరాదు. ఎలక్ట్రోహోమ్ జి-07లో ఆ వెలుగుకు కావలసిన కరెంటు ఈహెచ్‌టీ నుంచే వస్తుంది.

అయితే ట్యూబుకు లోపమే రాదా అంటే, వస్తుంది. ఏళ్ల తరబడి ఒకే బొమ్మ కనిపించిన పాక్‌మాన్ తెరలపై కరెంటు తీసేసినా ఆ దారుల నీడ అలాగే ఉండిపోయేది. ఆ మచ్చను ఏ కండెన్సరూ మాన్పలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. రంగుల ట్యూబుకు 20,000 వోల్టులకు పైబడిన పీడనం ఉంటుంది. స్విచ్చి ఆపినా ట్యూబు ఆ విద్యుత్తును కొంతకాలం దాచుకుంటుంది. తెలియనివారు వెనుక మూత తీయడం ప్రాణాలతో చెలగాటం. ఆ పని చేతనైనవారికే వదలాలి.

ఇదంతా ఈనాడు ఎందుకంటారేమో. 2000 తరువాత పలుచని తెరలు వచ్చి, పిక్చర్ ట్యూబులు చేసే పెద్ద కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. కండెన్సరు కొత్తది దొరుకుతుంది, ట్రాన్సిస్టరు దొరుకుతుంది. ట్యూబు మాత్రం ఉన్నవాటిలోనే వెతుక్కోవాలి. అమెరికాలోని లాకోనియాలో ఫన్‌స్పాట్ అనే చోట పాత ఆటలకొక మ్యూజియం ఉంది. అక్కడి యంత్రాలు ఇప్పటికీ ఆడుకోవడానికే ఉన్నాయి. అవి అలా వెలుగుతున్నాయంటే, తప్పు ఎక్కడుందో ఓపికగా వెతికే చేతులున్నాయి కనుకనే. తొందరపడి పారవేసిన ప్రతి మంచి ట్యూబుతో ఆ చరిత్రలో ఒక దీపం ఆరుతుంది.

మీ ఊళ్లోనూ పాత టీవీలు బాగుచేసిన మెకానిక్కులు ఉండే ఉంటారు. టంకం వాసన, కండెన్సరు ఉబ్బు, ఈహెచ్‌టీ సన్నని కూత చూసి, విని జబ్బు పోల్చగల విద్య వారిది. ఆ విద్యను ఏ పుస్తకమూ పూర్తిగా పట్టుకోలేదు. వారి చేతిలో ఉండగానే దాన్ని అడిగి తెలుసుకోండి, పిల్లల చేత రాయించి ఉంచండి.