ధర్మప్రభువు కథలో కనిపించని వాళ్ళు

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంటి పరువుతోనే మొదలుపెడుతున్నా.

మాది విజయవాడ భవానీపురం. చిన్నప్పుడు మా నాయనమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది: "మా మావగారిది ఎముక లేని చెయ్యిరా. పొలమంతా దానాలకే పోయింది." నేను స్కూల్లో తెగ గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇంటర్‌లో ఉండగా పాత ట్రంకు పెట్టెలో ప్రోనోట్లు దొరికాయి. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. పొలం పోయింది పేకాటలో! "ఓడిపోయి ఇచ్చినా ఇచ్చినట్టే కదరా" అంది నాయనమ్మ.

నవ్వుకున్నాం. కానీ ఇదే పని ఒక రాజు విషయంలో జరిగితే?

మంగళగిరిలో మనం సెల్ఫీ దిగే 11 అంతస్తుల గాలిగోపురం ఉంది కదా, దాన్ని 1807-09 మధ్య కట్టించింది రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. పెద్ద జమీందారు. మకాం చింతపల్లి నుంచి అమరావతికి మార్చి, అక్కడ కొత్త ఊరు కట్టించాడు. ఆ ఊరి కోసం పాత బౌద్ధ స్థూపం రాళ్ళు కూడా పీక్కెళ్ళారు. అయినా జనం నోట్లో ఆయన ధర్మప్రభువే.

అమరావతి పక్కనే నరుకుళ్ళపాడు అని ఒక ఊరుంది. ఆ పేరు వెనక ఒక కథ చెప్తారు. చెంచులు దోపిడీలు చేస్తున్నారని, జమీందారు వాళ్ళని భోజనానికి పిలిచి తలలు నరికించాడట. నూట యాభై మంది అంటారు. ఆ తర్వాత ఆయన అన్నానికి కూర్చుంటే కంచంలో పురుగులు కనిపించేవట. ఆ బాధ తట్టుకోలేక అమరేశ్వరుడి పాదాలు పట్టుకున్నాడట, గుళ్ళు కట్టించాడట.

ఇప్పుడు ఈ కథ నడక చూడండి. ముందు "వాళ్ళు దొంగలు" అని కారణం. చంపడం ఒక్క ముక్కలో అయిపోతుంది. తర్వాత అంతా ఆయన బాధే, ఆయన పశ్చాత్తాపమే. చివర్లో గుడి. విన్నవాళ్ళు "పాపం, అన్నం కూడా తినలేకపోయాడు" అనుకుంటారు. పిలిస్తే నమ్మి భోజనానికొచ్చినవాళ్ళలో ఒక్కరి పేరూ మనం వినం. వాళ్ళ పిల్లలు ఆ రాత్రి ఏం తిన్నారో ఎవరూ చెప్పరు.

గోపురం నిజమే. గుళ్ళూ నిజమే. అబద్ధం ఆడక్కర్లేదు ఫ్రెండ్స్. ఎవరి బాధ చెప్పాలి, ఎవరిది వదిలేయాలి అన్నది చూసుకుంటే చాలు, మచ్చ కాస్తా బొట్టైపోతుంది.

ఇదంతా చదివాక నాయనమ్మని మళ్ళీ అడిగా, "మరి తాతమ్మ ఏం చేసింది?" అని. కాసేపు మాట్లాడలేదు. "ఒంటి మీద పసుపుతాడే మిగిలిందిరా. నాట్లకీ కోతలకీ కూలికెళ్ళి మీ తాతని పెంచింది" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

మీ ఇంట్లోనూ ఒక దానకర్ణుడు ఉండే ఉంటాడు. ఆ దానం ఎవరి మెడలోంచి పోయిందో ఈ రోజే అడగండి. చెప్పేవాళ్ళు ఉండగానే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!