కైవారపు గుహ

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలో తెలుగు అరువు తెచ్చుకొన్న భాష కాదు. సంతలోను, పొలములోను, పెండ్లి పందిటిలోను తరతరములుగా వినవచ్చుచున్నదే. 2007లో చిక్కబళ్ళాపురము కోలారునుండి విడివడి వేరు జిల్లా యైనది. మన యిండ్లలోని మాట మాత్రము మారలేదు. ఆ మాటకు గౌరవము తెచ్చిన మహనీయులు కైవార తాతయ్యగారు.

ఇటీవల మేము పిల్లలను వెంటబెట్టుకొని చింతామణి ప్రాంతమునకు యాత్ర వెడలితిమి. మొదట అంబాజీదుర్గము చెంతనున్న కైలాసగిరిని చూచితిమి. అచ్చట మన కాలముననే కొండను తొలిచి చతుర్ముఖ శివునకు గుహాలయము నిర్మించిరి. పిమ్మట కైవారమునకు పోయితిమి. భారతమునందలి ఏకచక్రపురమిదియే యనియు, భీముడు బకాసురుని వధించిన దిచ్చటనే యనియు స్థలపురాణము.

తాతయ్యగారు 1726లో ఇచ్చట బలిజ కుటుంబమున జన్మించిరని సంప్రదాయము. పేరు నారాయణప్ప. గాజుల మలారము భుజమున వేసికొని యూరూర తిరిగిన వారు. గురూపదేశమైన పిదప నరహరి కొండ గుహలో మూడేండ్లు తపము చేసిరనియు, నోటనుంచుకొన్న గులకరాయి కలకండ యయ్యె ననియు మన తల్లులు చెప్పగా వింటిమి. 1836లో, నూటపదియవ యేట, సమాధి నొందిరందురు. తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిరి; అమరనారేయణ శతకము, కాలజ్ఞానము తెలుగున వెలయించిరి.

ఆ గుహయందు గాజు బీరువాలు లేవు, పంతులు లేడు. అయినను మా కదియే ప్రదర్శనశాల, అదియే పాఠశాల. అచ్చట మేము నేర్చిన పాఠ మొకటి కలదు. కన్నడ లిపిలో అచ్చైన తాతయ్యగారి తెలుగు తత్త్వమును పిల్లలు తడబడక చదివిరి. తెలుగు లిపిలోని ప్రతిని చేతికీయగా, "తాతా, ఇది మాకు చదువను రాదు" అనిరి. మేము చిన్నబోతిమి.

ఆలోచింపగా, కన్నడ లిపిపై కినియుట న్యాయము కాదు. మన మాటను ఈ మాత్రము నిలిపినది అదియే. రెండు లిపులును ఒక్క తల్లి బిడ్డలు. అక్షరములు పెక్కు పోలియుండును. కన్నడము వచ్చిన బాలునకు తెలుగక్షరములు కొలది దినముల పని. లోపము లిపిది కాదు, నేర్పని మనది.

ఇంటికి వచ్చిన నాటి సాయంకాలమే పలక తెచ్చితిమి. తాతయ్యగారి తత్త్వమే తొలి పాఠము.