కాగు నుంచి గీజర్ దాకా: ఉప్పల్, నాచారం ఇళ్లలో వేడినీళ్ల దారి

హైదరాబాదులో ఇల్లంతా వెచ్చబెట్టుకోవాల్సినంత చలి ఉండదు. డిసెంబరు, జనవరిల్లో కూడా సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే నగరపు తూర్పు కొసన ఉన్న ఉప్పల్, నాచారం ఇళ్లలో వేడినీళ్ల గొట్టాలూ వాల్వులూ స్నానం కోసమే పుట్టాయి. అవీ ఆలస్యంగానే వచ్చాయి.

ఊళ్లుగా ఉన్నన్నాళ్లు ఇక్కడ బావులే ఆధారం. తోడిన నీళ్లను కట్టెల పొయ్యి మీద కాగులో కాచేవారు. కాస్త కలిగిన ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది. దాని నడుమ నిలువుగా ఒక గొట్టం. అందులో బొగ్గులో పుల్లలో వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీళ్లు వేడెక్కేవి. గరాటులో చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగి, పైకి తేలిన వేడినీళ్లను మూతి గుండా బయటికి నెట్టేవి. ఒక్క వాల్వు కూడా లేని ఈ ఉపాయమే నేటి గీజర్‌లోనూ ఉంది: చన్నీళ్లు అడుగున ప్రవేశిస్తాయి, వేడినీళ్లు పైనుంచి వెళ్తాయి.

నగరానికి గొట్టాల నీళ్లు పడమటి నుంచి వచ్చాయి. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1965 నుంచి మంజీర నీళ్లు తోడయ్యాయి. పారిశ్రామికవాడలు, కాలనీలు పెరిగేసరికి తూర్పు శివారు ఈ సరఫరాకు చివరి కొసన పడింది. బోర్లు వేస్తే అడుగున గ్రానైటు. పగుళ్లలో నిలిచిన నీళ్లే దక్కుతాయి. 1961లో ఏర్పడి ఉప్పల్ రోడ్డులోనే నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలకు రాతి నేలల్లోని భూగర్భజలం ముఖ్యమైన పరిశోధనాంశం అయింది. 1989లో నగర నీటి సరఫరాను చూసే జలమండలి ఏర్పడింది. కృష్ణా నీళ్లు 2004, 2008, 2015లలో మూడు దశల్లో నగరానికి వచ్చాయి, గోదావరి నీళ్లు 2015లో అందాయి. ఈలోగా 2007లో ఈ వైపున్న ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలిశాయి.

నీళ్లు పెరిగినా అవి రోజంతా రావు. వంతు ప్రకారం లైన్‌మన్ వీధిలో వాల్వు తిప్పితేనే నల్లా వస్తుంది. ఇంటి లోపలి ఏర్పాటునంతా శాసించింది ఈ వంతే. వచ్చినప్పుడే పట్టుకోవాలి కాబట్టి సంపు, అందులోని నీళ్లను మేడెక్కించడానికి మోటారు, నిల్వకు ఓవర్‌హెడ్ ట్యాంకు వచ్చాయి. ప్రతి ఇల్లూ ఒక చిన్న వాటర్‌వర్క్స్ అయింది. ట్యాంకు నిండగానే నీటిని ఆపేది తేలియాడే బంతి ఉన్న ఫ్లోట్ వాల్వు. మోటారు ఆగినప్పుడు నీళ్లు వెనక్కి జారకుండా పట్టేది నాన్‌రిటర్న్ వాల్వు. రిపేరు వేళ ఇల్లంతా ఎండబెట్టకుండా ఒక్క బాత్రూమునే కట్టేసుకోవడానికి ట్యాంకు దగ్గరా, గోడ దగ్గరా గేట్ వాల్వులో బాల్ వాల్వులో ఉంటాయి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు అవసరమైన రోజునే బిగుసుకుపోతుంది.

పది మీటర్ల ఎత్తున్న నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. ట్యాంకు బాత్రూముకు మూడు మీటర్లే పైన ఉంటే దక్కేది అందులో మూడో వంతు కూడా కాదు. పై అంతస్తు షవరు నీరసంగా కారడానికి కారణం అదే.

గీజర్‌కు మాత్రం ఆ కాస్త ఒత్తిడి చాలు. ప్రమాదం వేరే వైపు నుంచి వస్తుంది: కాగిన నీరు వ్యాకోచిస్తుంది, థర్మోస్టాటు చెడితే ఆవిరి పుడుతుంది. ఫ్యాక్టరీల స్టీము బాయిలర్లకు 1923 నాటి చట్టమే తనిఖీ పెట్టింది. ఇంటి గీజర్‌కు ఆ కాపలా కాసేది ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే చిన్న సేఫ్టీ వాల్వే. దాన్నుంచి చుక్కలు పడుతున్నాయని మూసేయడం కంటే తెలివితక్కువ పని లేదు.

గొట్టాలూ మారాయి. తుప్పుతో లోపల సన్నబడే గాల్వనైజ్డ్ ఇనుప (జీఐ) గొట్టాల తర్వాత పీవీసీ వచ్చింది, అది వేడికి మెత్తబడుతుంది. సుమారు 90 డిగ్రీల దాకా తట్టుకునే సీపీవీసీ వచ్చాక వేడినీళ్ల లైను గోడలోకి దూరింది.

సోలార్ హీటరు ఇంకో అడుగు. వంద లీటర్లకు సుమారు రెండు చదరపు మీటర్ల పలక కావాలి. వేడెక్కి తేలికైన నీళ్లు పంపు లేకుండానే పలకకు పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. గాలీ ఆవిరీ పోవడానికి పెట్టే గొట్టం చన్నీళ్ల ట్యాంకు మట్టం కంటే ఎత్తుగా ఉండాలి, లేకుంటే నీళ్లు అందులోంచి పొర్లుతాయి. బోరునీటి సున్నం పలకలోని సన్నని గొట్టాలను మూసేయడం ఇక్కడి సోలార్‌కు పెద్ద బెడద.

డాబా ఇంటికి ఇది బాగానే కుదిరింది. అపార్ట్‌మెంటుకు అంత సులువు కాదు. పైకప్పు మీది హీటరు నుంచి ముప్పావు అంగుళం గొట్టం 15 మీటర్లు దిగితే అందులో నాలుగు లీటర్లకు పైగా నీళ్లుంటాయి. కింది ఫ్లాటులో నల్లా తిప్పిన ప్రతిసారీ ఆ చల్లారిన నీళ్లు పారబోశాకే వేడినీళ్లు వస్తాయి. అందుకే ఎక్కువ ఫ్లాట్లలో ప్రతి బాత్రూముకూ వేరే గీజరు ఉంటుంది.